కొమ్ములవ్వ వద్దన్న రోజు

కుడి భుజం పైకి లేవక, తల దువ్వుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చేసరికి, పోయిన నెలలో మా కోడలు నన్ను అనంతపురంలో కొత్తగా తెరిచిన ఒక వైద్యశాలకు తీసుకెళ్ళింది. మెట్లెక్కి పైకి చేరేసరికే నాకు ఆయాసం వచ్చింది. నీలంరంగు బట్టలు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, గాజు గిన్నెలు వరసగా పేర్చిన పళ్ళెం పక్కన పెట్టుకుని, భయపడొద్దనీ, గిన్నెలు వీపుకు అతికించి గాలి లాగుతుందనీ, ఆ తర్వాత కొంచెం గీసి చెడ్డ రక్తం తీసేస్తుందనీ, ఇదంతా నాకు కొత్త కాబట్టి మొదట్లో కాస్త వింతగా ఉంటుందనీ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ముఖం దిండులో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. ముప్పై ఏళ్ళకు పైగా పల్లెల్లో నర్సుగా తిరిగినదాన్ని, నా నోటితోనే ఒకప్పుడు ఆ వైద్యం చేసే మనిషిని ఊళ్ళోంచి పంపించేసినదాన్ని, మళ్ళీ ఆమె ముందే తల దించుకుని కూర్చున్నదాన్ని. ఆ పిల్ల గాలి లాగుతున్నంతసేపూ నాకు ఆ మనిషే కళ్ళలో మెదిలింది.

మన ఈడు వాళ్ళకు, ముఖ్యంగా మా మెట్టప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళకు, కొమ్ములు పెట్టడమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవు కొమ్మునో దున్నపోతు కొమ్మునో జానెడు పొడవున కోసి, లోపలంతా తొలిచి, నున్నగా అరగదీసి, సన్నటి కొసకు చిన్న రంధ్రం పెట్టి ఉంచుకునేవారు. నొప్పి ఉన్నచోట వెడల్పు మూతిని ఆనించి, కొసను నోట పెట్టుకుని గాలి లాగి, నాలుకతోనే మైనపు ముద్దను ఆ రంధ్రానికి అడ్డం పెడితే, కొమ్ము ఒంటిని కరిచి పట్టుకుని నిలబడేది. కాసేపటికి దాన్ని ఊడదీసి, ఉబ్బిన చర్మం మీద బ్లేడుతో నాలుగైదు సన్నటి గీతలు గీసి, మళ్ళీ కొమ్ము పెట్టి లాగితే నల్లటి నెత్తురు దానిలోకి దిగి గడ్డకట్టేది. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గాని లేచేవాడు కాదు, లేచినప్పుడు గోడ పట్టుకునేవాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కొమ్ములు పెట్టే ఒక ముసలామె మా ఇంటికి వచ్చేది. ఆమె వెళ్ళిపోయాక నాయన చాపమీద బోర్లా పడుకుని, మధ్యాహ్నమంతా కదలకుండా నిద్రపోయేవాడు. ఏడాది పొడుగునా ఆయన పగటిపూట నిద్రపోవడం నేను చూసింది ఆ రోజుల్లోనే. అప్పుడు నాకది కొమ్ముల మహిమే అనిపించేది.

తర్వాత నర్సు చదువుకు పోయాను. అక్కడ మాకు పరిశుభ్రత గురించి, ధనుర్వాతం గురించి, నాటువైద్యాల వల్ల జరిగే చెరుపు గురించి బాగా నూరిపోశారు. తెల్లచీర కట్టుకుని బయటికి వచ్చేసరికి, మా నాయన వీపుమీది గుండ్రటి మచ్చలంటేనే నాకు చిన్నతనంగా అనిపించే స్థితికి వచ్చాను. ఆ వయసు అట్లాంటిది.

ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కణేకల్లు దాటి లోపలికి పోయే ఒక మెట్ట ఊళ్ళో వేశారు. కాలువ మా ఊరికి రెండు మైళ్ళ దూరంలోనే పారేది గాని, అది పల్లంలో, మేము మిట్టన. బస్సు దిగి నడుస్తుంటే కాలువ కింద వరిమళ్ళు కనిపించేవి, అవి దాటి గట్టెక్కితే ఇంక అన్నీ శెనక్కాయ చేలు, వాన పడితే పచ్చగా, పడకపోతే ఎర్రగా. నా కింద అయిదూళ్ళు. మందుల సంచి భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరితే, గర్భిణులను చూడడం, పిల్లలకు సూదులు వేయడం, బావుల్లో మందు పోయడం, జ్వరమొచ్చినవాళ్ళ దగ్గర నెత్తురు చుక్క తీసుకోవడం, ఇవన్నీ అయ్యాక మళ్ళీ ఆ దుమ్ములోనే తిరిగి రావడం. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది. ఇద్దరు పిల్లలున్న ఆడవాళ్ళను ఒప్పించి కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు తీసుకుపోవాలి. నెలాఖరుకు పైవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. అందుకని ఊళ్ళో నన్ను చూడగానే కొందరు ఆడవాళ్ళు వాకిలి వదిలి లోపలికి పోయేవారు. వాళ్ళకు నేనంటే సూది, పుస్తకం, ఆపరేషను. నా సంచిలో ఉన్న లావాటి రిజిస్టరు అంటే వాళ్ళకు సూదికంటే భయం.

నేను అద్దెకున్నది ఒక మట్టిమిద్దెలో సగం. మిగతా సగంలో ఇంటివాళ్ళు. ఇంటావిడ నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. పొడుగాటి మనిషి, గట్టి గొంతు, నవ్విందంటే వీధి చివరిదాకా వినపడేది. ఇద్దరు పిల్లలు, మూడెకరాల శెనక్కాయ చేను, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మొగుడు. నేను అలిసిపోయి వచ్చిన సాయంత్రాల్లో గోడ అవతలినుంచి గిన్నెలో సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి పంపేది. ఇద్దరు పిల్లలు చాలని, వేరుశనగ పంట ఇంటికి వచ్చాక ఆపరేషనుకు వస్తానని తనంతట తానే చెప్పింది. నేను సంబరంగా రిజిస్టరులో ఆమె పేరు రాసుకున్నాను. ఆ పేరు రాసుకోవడం ఆమెకు ఎట్లా కనిపించిందో నాకు చాలా రోజుల దాకా తెలియలేదు.

కొమ్ములవ్వ మా ఊరికి బళ్ళారి వైపునుంచి వచ్చేది. సగం కన్నడం, సగం తెలుగు. సన్నటి నల్లటి మనిషి, ముఖమంతా ముడతలే గాని, కొమ్ములు లాగి లాగి కాబోలు, దవడ కండలు మాత్రం వయసుకత్తెకున్నట్టు బిగువుగా ఉండేవి. పదిహేను రోజులకొకసారి వచ్చి, రేషను షాపు గోడ నీడన గోనెపట్టా పరుచుకుని, గుడ్డమూటలోంచి కొమ్ములు తీసి పెట్టుకుంటే చాలు, నడుములు పట్టుకుని జనం చేరేవారు. జొన్నలో కొర్రలో చాటలో తెచ్చి పెట్టేవారు. నేను వెళ్ళిన మొదటి నెలలోనే ఆమెను చూశాను. ఒకే బ్లేడుతో నలుగురిని గీయడం కళ్ళారా చూసి, నా చదువంతా తలకెక్కి, అందరి ముందూ నిలబడి చెప్పేశాను.

"అవ్వా, ఇంగ ఈ ఊర్లో కొమ్ములు పెట్టొద్దు. ఒకే బ్లేడుతో అందర్నీ గీస్తాండావు. ధనుర్వాతమొస్తే ఎవురు దిక్కు? మళ్ళా వస్తే పైవాళ్ళకు చెప్తా."

ఆమె కోప్పడలేదు. చేతిలో ఉన్న కొమ్మును నీళ్ళలో కడిగి, తుడిచి, మూటలో పెట్టుకుంది.

"ఈడ కూసోవద్దంటే పోతాలే తల్లీ. నొప్పులు మాత్రం యాడికీ పోవు. నీ కాడికొస్తాయి, సూసుకో."

వచ్చాయి. నేను ఇచ్చిన తెల్లబిళ్ళలు మింగి, కడుపులో మంట తప్ప నడుములో తేడా లేదని నాలుగు రోజులకే మొహంమీద చెప్పిపోయారు. ఏమప్పా, ఉన్న ఒక్క దారీ మూసి ఇదేం మంచిపని అని ఒక పెద్దాయన నన్ను నిలేసి అడిగాడు. కొమ్ములవ్వ ఊరి బయట పాడుబడిన ఒక బండ్ల కొట్టంలో కూర్చోవడం మొదలుపెట్టింది. జనం అక్కడికే పోయేవారు. నేను తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత దూరం పోయి మళ్ళీ పోట్లాడే ఓపిక కూడా నాకు ఉండేది కాదు.

ఆ తర్వాత రెండేళ్ళు వరసగా వానలు ఎగ్గొట్టాయి. మొదటి ఏడు విత్తిన శెనక్కాయ మొలిచి మాడిపోయింది, రెండో ఏడు విత్తనమే పడలేదు. పశువులను కాలువ కింది ఊళ్ళకు తోలేశారు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ కరువు పనికి పోయేవారు. ఎండిపోయిన చెరువులో మగవాళ్ళు పూడిక తవ్వడం, ఆడవాళ్ళు ఆ మన్ను గంపల్లో ఎత్తి కట్టమీదికి మోయడం. పనికి బియ్యం ఇచ్చేవారు. తెల్లవారకముందే మొదలై ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ కట్టమీదికి ఎక్కుతూ దిగుతూ ఉండే ఆడవాళ్ళ వరస ఇప్పటికీ నా కళ్ళముందు ఉంటుంది. ఎవరిని పలకరించినా మెడ నొప్పి, నడుము నొప్పి, కళ్ళు తిరగడం. ఒంట్లో చెడ్డ నెత్తురు చేరింది, తీసేస్తే తేలిక అవుతుందని కొమ్ములవ్వ దగ్గరికి పోయేవారు.

మా ఇంటి అక్క కూడా గంప మోసేది. ఆమె నవ్వు వినపడడం మానేసిన సంగతి నేను గమనించాను గాని, ఆ ఏడు ఎవరు నవ్వారు కనుక అనుకున్నాను. పాదాలు ఉబ్బి ఉండేవి, నడక మెల్లగా అయింది. చీర కొంగు ముందుకు లాక్కుని కప్పుకుని తిరిగేది. వాళ్ళ వైపు తిరగలి రాయి దగ్గర, మనిషి కూర్చుంటే చేతికి అందే ఎత్తులో గోడకు ఒక గుంట పడి రోజురోజుకూ లోతు అవుతుంటే, మేకపిల్లలు నాకుతున్నాయేమో అనుకున్నాను. నర్సు చదువు చదివినదాన్ని. నెత్తురు తక్కువైన గర్భిణులు మట్టి తింటారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ గోడకు ఇవతల నేను, అవతల ఆమె. అయిదూళ్ళు తిరిగి వచ్చి, చాప పరుచుకుని ఒరిగిపోతే, పక్కింట్లో ఏం జరుగుతోందో చూసే శక్తి నాకు ఉండేది కాదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అందులో సగం నిజం.

ఆ రోజు ఎండాకాలం మధ్యాహ్నం. రెండూళ్ళు తిరిగి వచ్చి, బొబ్బలెక్కిన పాదాలు బొక్కెన నీళ్ళలో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నాను. వీధి చివర ఎండలో ఒక మనిషి వస్తూ కనిపించింది. దగ్గరికి వచ్చాక చూస్తే కొమ్ములవ్వ. నేను పంపించేసిన తర్వాత ఆమె ఊరి లోపలికి రావడం అదే మొదటిసారి. అరుగు కింద నిలబడి, గుక్క తిప్పుకుని చెప్పింది.

"నర్సమ్మా, నీ ఇంటామె పొద్దున నా కాడికొచ్చింది. మెడ నిలబడలేదు, నడుము విరిగిపోతాంది, కొమ్ములు పెట్టి చెడ్డ నెత్తురంతా తీసెయ్యి, మళ్ళా పనికి పోవల్ల అనింది. నేను పెట్టలేదు."

"పెట్టకుండా మంచిపనే చేసినావు" అన్నాను నేను, కాళ్ళు నీళ్ళలోంచి తీయకుండానే.

"దాని ఒంట్లో తీసేదానికి నెత్తురు యాడుందమ్మా? కంటిరెప్ప దించి సూసినా, ఉతికిన గుడ్డ మాదిరుండాది. ఆరు నెలల కడుపుతో ఉండాది అది. నువ్వా గోడకు ఈపక్కనే పండుకుంటాండావే, నీకు కనపడలేదా?"

కాళ్ళు తుడుచుకోకుండానే లేచాను. ఆమె ఎక్కడుందని అడిగితే, తనను నోటికొచ్చినట్టు తిట్టి మళ్ళీ గంప ఎత్తుకోవడానికి పోయిందని చెప్పింది. నేను చెప్తే వినలేదు, నువ్వు రా అంది. ఆ ఎండలో ఇద్దరం చెరువు దాకా నడిచాము. నా చెప్పుల చప్పుడు, ఆమె వట్టికాళ్ళ చప్పుడు.

పని ముగిసే వేళయింది. అక్క ఖాళీ గంప పట్టుకుని కట్ట దిగుతోంది. మమ్మల్ని ఇద్దరినీ కలిపి చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. గంప కింద పడేసి కొమ్ములవ్వ మీదికి వచ్చింది.

"నీకెవురు చెప్పమన్నారు? పెట్టకపోతే పెట్టకుండా పోవల్ల గాని, ఈమెకు చెప్పేదేంది? రేపట్నుంచి నన్ను పన్లోకి రానిస్తారా? నా పిల్లోల్లకు నువ్వు పెడ్తావా కూడు?"

నేను అక్క ముఖం పట్టుకుని కింది కనురెప్ప దించి చూశాను. నా చదువులో రంగుల బొమ్మలు చూపించి నేర్పినదే, నెలకు యాభైసార్లు నేను చేసే పనే. ఆమెకు మాత్రం ఎప్పుడూ చేయలేదు. లోపల ఎరుపన్నది లేదు. చెయ్యి పట్టుకుంటే నాడి బెదిరిన గువ్వలా కొట్టుకుంటోంది. అంతవరకూ అరుస్తున్న మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, కూర్చుంటానంటూ అట్లాగే కింద కూలబడింది. ఆ తర్వాత తనంతట తాను లేవలేకపోయింది.

ఆమె మొగుడు గడ్డపార వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఎవరిదో బండి కట్టించి రోడ్డుదాకా, అక్కడినుంచి బస్సులో బళ్ళారి పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. అంతసేపు తిట్టిన అక్క, బండి ఎక్కేటప్పుడు కొమ్ములవ్వ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందుకని అవ్వ కూడా మూట చంకన పెట్టుకుని మాతో వచ్చింది. బస్సు కుదుపుకు అక్క తల ఆమె ఒళ్ళోనే ఉంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. తెల్లచీర కట్టుకున్నది నేను. ఆమె నమ్మి పట్టుకున్నది ఆ చెయ్యి.

పొద్దుగూకకముందే చేరాము. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇంత తక్కువ నెత్తురుతో ఈ మనిషి కూర్చోవడమే ఎక్కువ, మన్ను ఎట్లా మోసిందమ్మా అని నన్నే అడిగింది. నెత్తురు ఎక్కించాలి, ఇచ్చేవాళ్ళను చూసుకోండి అంది. మొగుడు ముందు భయపడ్డాడు, నెత్తురిస్తే రేపు గడ్డపార ఎత్తేదెట్లా అని గొణిగాడు, అయినా చొక్కా చెయ్యి పైకి మడిచి వెళ్ళాడు. పరీక్ష చేసినాయన వెనక్కి పంపేశాడు. ఇతనికే ఎక్కించాల్సినట్టుంది అన్నాడు. అక్క మొగుడి ముఖం ఎట్లా వాడిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తే. భార్యకు ఇవ్వడానికి తన దగ్గర అది కూడా లేదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రానికి నా నెత్తురు సరిపోయింది. మరునాడు కాలువ కింది ఊళ్ళో ఉండే అక్క తమ్ముడు వచ్చి ఇచ్చాడు, అతనిది మంచి నెత్తురని డాక్టరమ్మ అంది. ఈ రెంటికీ మధ్య కొమ్ములవ్వ ఎవరూ అడగకుండానే ఆ గదిలోకి పోయి, చెయ్యి చాపి నిలబడింది.

"నాది తీసుకోండప్పా. నేను జనాలది శానా తీసినా."

వయసు అయిపోయిందని వాళ్ళు నవ్వి పంపేశారు. ఆమె బయటికి వచ్చి, చాపిన చెయ్యి అట్లాగే చూసుకుంటూ గోడవారగా కూర్చుంది.

అక్క బతికింది. బిడ్డ తొమ్మిదో రోజున నెలలు నిండకుండానే పుట్టి, ఆ పూటకే పోయింది. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి తీసుకుపోయేటప్పుడు అక్క ఏడవలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. మూడు వారాల తర్వాత ఇంటికి తెచ్చాము. కరువు పనిలో ఆమె పేరు కొట్టేశారు. మొగుడొక్కడే పోయేవాడు. నేను ఇనుము మాత్రలు పొద్దునా సాయంత్రం నా చేత్తో ఇచ్చి మింగించేదాన్ని, పాలు ఎక్కడ దొరికినా తెచ్చేదాన్ని. ఆమె మింగేది, తాగేది, నాతో మాట్లాడేది కాదు. మునుపటిలా గోడ అవతలినుంచి గిన్నె వచ్చేది కాదు. చాలా రోజులకు, ఒక సాయంత్రం అరుగుమీద కూర్చుని రాగులు చెరుగుతూ, నా వైపు చూడకుండానే అంది.

"నీకు చెప్తే రాసుకుంటావని చెప్పలేదమ్మా."

అంతే అంది. ఆపరేషనుకు ఒప్పుకున్నాక కడుపు నిలిచిందని తెలిస్తే నేనేమంటానోనని, పుస్తకంలో ఏం రాస్తానోనని, ఆ రాసింది చెరువు పనివాళ్ళకు తెలిసి పనిలోంచి తీసేస్తారేమోనని, ఆరు నెలలు ఆమె నా కంటబడకుండా కొంగు కప్పుకుని తిరిగింది. ఒకే పంచలో. ఆ నెల రిజిస్టరులో ఆమె పేరు పక్కన ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. పైవాళ్ళు అడిగితే పుట్టింటికి పోయిందని అబద్ధం చెప్పాను. ఉద్యోగంలో నేను రాసినవి, చెప్పినవి చాలా మరిచిపోయాను గాని ఆ ఒక్క ఖాళీ గుర్తుంది.

వర్షాకాలం పేరుకు మొదలైంది. ఒక రోజు నేనే బండ్ల కొట్టానికి వెళ్ళాను. అవ్వ గోనెపట్టా మీద ఒంటరిగా కూర్చుని ఉంది. సంచిలోంచి దూది, స్పిరిటు సీసా, కొత్త బ్లేడ్ల పొట్లం తీసి ముందు పెట్టాను. ఒకరికి గీసినదాంతో ఇంకొకరికి గీయొద్దని, కొమ్ములు మరగబెట్టమని చెప్పాను. మరగబెడితే కొమ్ము పగిలిపోతుందని ఆమె ససేమిరా అంది. చివరికి సబ్బునీళ్ళతో కడిగి స్పిరిటుతో తుడిచేలా రాజీ కుదిరింది. అప్పుడు నేను అడిగాను, ఆ రోజు అక్క కడుపుతో ఉన్నదని ఎట్లా కనుక్కున్నావని.

"కొమ్ములు పెట్టేముందు మనిషిని సూడల్ల కదమ్మా. వీపు తాకితే తెలుస్తాది. మాట్లాడిస్తే ఇంగా తెలుస్తాది. నీకు మాట్లాడేదానికి పొద్దు యాడుండాది, అయిదూర్లు తిరగల్ల."

నన్ను సమర్థిస్తున్నట్టే అంది. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత ఆమె చాలామందిని నా దగ్గరికి పంపేది. కొమ్ములవ్వ పెట్టనంది, నీ కాడికి పొమ్మంది అంటూ ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ కనురెప్పలు దించి చూస్తే అన్నీ ఒకే తెలుపు. రిజిస్టరు సంచిలోనే ఉంచి, ముందు కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగడం నేర్చుకున్నాను. మాత్రలు ఇచ్చేదాన్ని, ఆకుకూర తినమనేదాన్ని, ఏ ఆకు పచ్చగా ఉందో నాకే తెలియదు. ఆ ఏడాదంతా ఆమె కొమ్ములు పెట్టినవాళ్ళకంటే వెనక్కి పంపినవాళ్ళే ఎక్కువ. పెట్టకపోతే ఎవరూ జొన్నలు ఇవ్వరు. అందరినీ వద్దని పంపేసి, మధ్యాహ్నానికి ఖాళీ చాటతో లేచి, మళ్ళీ బళ్ళారి దారి పట్టేది. అది ఆమె బతుకుతెరువు. నాకైతే నెల తిరిగేసరికి జీతం వచ్చేది, నేను ఎవరినైనా వద్దనగలను. ఆమె వద్దన్న ప్రతిసారీ ఆ పూట తన కంచంలోది తీసి పక్కన పెట్టినట్టే. ఒకరిద్దరు తిట్టారు కూడా, ముసలిదానికి చేతకాక సాకులు చెప్తోందని.

ఒకసారి నేను కూడా ఆమె ముందు బోర్లా పడుకున్నాను. సంచి మోసి మోసి నా వీపు పట్టేసి, ఊపిరి తీస్తే పొడుస్తున్న రోజు అది. పైవాళ్ళెవరైనా చూస్తే ఏమంటారోనన్న భయం కూడా లేకుండా ఆ కొట్టంలో గోనెపట్టా మీద వాలిపోయాను. ఆమె నా రెప్ప దించి చూసి, నీకూ గీసేది లేదు పో అంది. వట్టి కొమ్ములే పెట్టింది, గాలి లాగి వదిలేసింది. దగ్గరగా వంగినప్పుడు ఆమె ఊపిరిలో ఆకలి వాసన వచ్చింది. ఖాళీ కడుపుకు ఉండే ఆ పుల్లటి వాసన మన కాలంవాళ్ళకు తెలుసు. కాసేపు కదలకుండా పండుకో, ఎవురు పిలిచినా లేవద్దు అని చెప్పి, నా సంచి తన వెనక పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. వెతుక్కుంటూ వచ్చిన ఒకరిద్దరిని, నర్సమ్మ ఈడ లేదని పంపేసింది. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి నీడ తిరిగిపోయి ఉంది. నొప్పి పోయిందా అంటే పూర్తిగా పోలేదు. మా నాయన కొమ్ములు పెట్టించుకున్న రోజుల్లో ఎందుకు అంత గాఢంగా నిద్రపోయేవాడో మాత్రం తెలిసింది. వీపుమీద మచ్చలున్న మనిషిని ఆ పూటకు ఎవరూ మగ్గం దగ్గరికి పిలవరు.

ఆ తర్వాత నన్ను శింగనమల వైపు బదిలీ చేశారు. బయల్దేరే రోజున అక్క వాకిట్లోకి వచ్చి, కొత్త శెనక్కాయలు కొంగున కట్టి తెచ్చి నా సంచిలో పోసింది. ఆ ఏడు నాలుగు వానలు పడ్డాయి. బస్సుదాకా నాతో నడిచింది. కొమ్ములవ్వ అప్పటికే రావడం మానేసింది. పళ్ళు ఊడిపోయి, గాలి లాగే పట్టు తప్పి, కన్నడదేశంలో కూతురింటికి పోయిందని కొందరు, కాదని కొందరు. ఆమె ఊరేదో, ఆ కూతురెక్కడ ఉండేదో అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన ఆ ఊరివాళ్ళకు రాలేదు, నాకూ రాలేదు. ఎక్కడ పోయిందో, ఎవరు చూశారో తెలియదు.

ఇప్పుడు రోజులు మారాయి, చాలావరకు మంచికే మారాయి. వేలి కొసన చుక్క తీస్తే నిమిషంలో అంకె వస్తుంది, గర్భిణి ఇంటిముందుకే బండి వస్తుంది, ఈ కాలపు నర్సమ్మలు నాలా ఎండలో పడి అయిదూళ్ళు నడవరు. నాకు అసూయ లేదు. మా మనవరాలు ఆఫీసునుంచి రాగానే చెప్పులు విడిచి, అలిసిపోయానవ్వా అంటూ సోఫాలో వాలిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. ఆ మాట వింటే నాకు హాయిగా ఉంటుంది. మా కాలంలో, ఆ ఊళ్ళో, అలిసిపోయాను అన్న మాట ఒక్క ఆడమనిషి నోటివెంట కూడా నేను వినలేదు. నడుము నొప్పి అనేవారు, వాయువు అనేవారు, చెడ్డ నెత్తురు అనేవారు. వాటికైతే కొమ్ములున్నాయి, బిళ్ళలున్నాయి. అలుపుకు మందు ఊరికే కూర్చోవడం, అది ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. ఉద్యోగం దిగి ఇంట్లో కూర్చున్నాక నాకు బోలెడు విశ్రాంతి దొరికింది. మధ్యాహ్నాలు మంచంమీద ఒరిగి, ఏమీ తోచక, ఆ చెరువుకట్ట మీదికి ఎక్కుతూ దిగుతూ ఉన్న మనుషులను ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ ఉంటాను. గంప దించి కాసేపు కూర్చోమ్మా అని ఏ ఒక్కరికీ చెప్పలేదు నేను. చెప్పాలని ఇప్పుడుంది, వినడానికి వాళ్ళు లేరు.